సారథియు ప్రయాణికుడును

ప్రతిదినమును జరుగుచు ఏ చరిత్రకును ఎక్కని కలహములు కొన్ని కలవు. బస్సులో ప్రయాణికునకును డ్రైవరునకును నడుమ జరుగు కలహము అట్టిది. అది ఉదయము ఏడు గంటలకు ఒక ఊరి మలుపువద్ద పుట్టును. ఎనిమిదిన్నరకు పట్టణపు బస్‌స్టేషనులో అణగిపోవును. మరునాడు అదే వేళకు అదే మలుపువద్ద మరల తలయెత్తును. "చెయ్యి ఎత్తినా ఆపడు" అని ఒకరందురు. "స్టాపులో నిలబడరు, నడిరోడ్డుమీద చెయ్యెత్తుతారు, ఆపకపోతే తిడతారు" అని రెండవవారందురు. ఇరువురును ఇండ్లకు పోయి ఆనాటి అన్యాయమును తమ వారితో చెప్పుకొందురు. విన్నవారు కాలము చెడినదని నిట్టూర్తురు. అంతటితో విచారణ ముగియును.

కాని ఒకే కలహము ఒకేచోట ఏండ్ల తరబడి జరుగుచు, అందు పాల్గొను మనుష్యులు మారుచున్నను కలహము మాత్రము మారకున్నచో, దాని మూలము ఆ మనుష్యుల గుణదోషములలోనే ఉన్నదని చెప్పుట కష్టము. ఆ మూలము ఎక్కడ నున్నదో వెదకుట మంచిది. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఇది దూరపు విషయము కాదు. పల్లెనుండి కళాశాలకు వచ్చు పిల్లకును, పట్టణమునుండి పల్లెబడికి పోవు పంతులుగారికిని, తొలిగంట మ్రోగువేళకు చేరుటయు చేరకుండుటయు ఒక బస్సు ఆగుటమీద ఆధారపడి యున్నది.

ఈ విచారణ నేడు మునుపటికంటె అవసరమైనది. తెలంగాణములో 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు 15 నుండియు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర సర్వీసులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము అమలులోనికి వచ్చినది. పూర్వము చార్జీకి వెరచి ఇంటనే ఉండిపోయిన స్త్రీలెందరో నేడు కూలికి, కళాశాలకు, ఆసుపత్రికి, పుట్టింటికి బస్సెక్కి పోవుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే బస్సులో జనము పెరిగినది; జనముతోపాటు మాటయు పెరిగినది. ఆ మాట పడువాడు చక్రమువద్ద కూర్చున్న డ్రైవరు, సంచి తగిలించుకొన్న కండక్టరు.

రథముపై లేని కారణము

తెలుగున "శల్యసారథ్యము" అను మాట కలదు. ప్రక్కనుండియే ఉత్సాహమును చంపు సహాయమునకు ఆ పేరు. కథ అందరకును తెలిసినదే. తన నోటికి వచ్చినది తాను పలుకుదుననియు, దానిని కర్ణుడు సహింపవలెననియు నియమము చేసికొని శల్యుడు సారథ్యమునకు ఒప్పుకొనెను. రథము కదలినది మొదలు సారథి రథికుని కించపరచెను. రథికుడు సారథిని మాత్రమే గాక సారథి పుట్టిన దేశమును గూడ తూలనాడెను. తిక్కన కర్ణపర్వము చదివినవారు ఆ వాగ్వాదమును మరువలేరు. ఉద్యోగపర్వమును గూడ చదివినవారికి మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చును. యుద్ధము మొదలుకాక పూర్వమే ధర్మరాజు శల్యుని కలిసికొని, కర్ణునకు సారథివైనప్పుడు అతని తేజస్సును తగ్గింపుమని కోరియుండెను. రథముపై జరిగిన కలహమునకు మూలము రథముపై లేదు. అది ఎన్నడో, మరియొకచోట, మరియొకరితో జరిగిన ఒప్పందములో ఉన్నది.

మన బస్సులలో పాత్రలు కొంత తారుమారైనవి. ఇక్కడ సారథి ఒక్కడు. శల్యులు ఏబదిమంది, అందరును వెనుకనే కూర్చుందురు. "కొంచెం తొందరగా పోనివ్వవయ్యా, ఆఫీసు టైమయింది" అని ఒక శల్యుడు. "మెల్లగా పోవయ్యా, ప్రాణాలు తీస్తావా" అని మరియొక శల్యుడు. ఇద్దరి మాటయు విని, ఎవరి మాటయు చెల్లింపలేక, సారథి హారను మ్రోగించును. పాత్రలు తారుమారైనను కథలోని సూక్ష్మము మాత్రము మారలేదు. ఇక్కడ కూడ కారణము రథముపై లేదు.

విన్నవాడొకడు, నిర్ణయించినవాడొకడు

బస్సుల చరిత్రలో ఒక ఘట్టము ఈ సందర్భమున స్మరింపదగినది. హైదరాబాదు సంస్థానమున నిజాము రైల్వేకు అనుబంధముగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వపు బస్సులు బయలుదేరినవి. కోస్తా జిల్లాలలో మాత్రము చాలకాలము ప్రైవేటు యజమానుల బస్సులే నడచినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరువైనప్పుడు బొగ్గు గ్యాసుతో కూడ నడచినవి. రాష్ట్రావతరణము పిమ్మట 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఆ కాలముననే కృష్ణాజిల్లాలోని బస్సు మార్గములను జాతీయము చేయుటకు ఒక పథకము తయారైనది.

ఆ పథకముపై ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరములు తెలిపిరి. వారి వాదమును విన్నది ప్రభుత్వ కార్యదర్శి. విన్న పిమ్మట పథకమును ఆమోదించి నిర్ణయము చేసినది ముఖ్యమంత్రి. యజమానులు సుప్రీంకోర్టుకు పోయిరి. 1958లో ఆ కోర్టు అధికసంఖ్యాక న్యాయమూర్తుల అభిప్రాయముతో ఆ ఆమోదమును కొట్టివేసెను. ఆ తీర్పును వ్రాసినవారు రాజమహేంద్రవరమున పుట్టి, తరువాత దేశమునకు ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు. విచారణ ఒకరు జరిపి నిర్ణయము మరియొకరు చేసినచో ఆ విచారణ వట్టి తంతు అగుననుట ఆ తీర్పులోని సారము. న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు నేటికిని ఆ తీర్పును పాఠముగా చదువుచున్నారు.

బస్సుల విషయమున పుట్టిన ఆ న్యాయసూత్రము బస్సులోనే అమలులో లేదు. ప్రయాణికుని కష్టములను ఒక్కొక్కటిగా పరీక్షించి చూతము. బస్సు వేళకు రాలేదు: వేళలను నిర్ణయించునది డిపో. ఉన్న ఒక్క బస్సు చాలదు: బస్సుల సంఖ్యను నిర్ణయించునది సంస్థయు, దానికి ధనమిచ్చు ప్రభుత్వమును. చార్జీ పెరిగినది: చార్జీని నిర్ణయించునది ప్రభుత్వము. స్టాపులో ఆపకుండ ఏబది గజములు ముందుకు పోయి ఆపినాడు: స్టాపును ఆటోలు ఆక్రమించినవి, వానిని తొలగింపవలసినది పురపాలక సంఘమును, పోలీసులును. రోడ్డు గోతులమయమై నడుము విరుగుచున్నది: రోడ్డు వేయు శాఖ వేరు. ఇన్నింటిలో డ్రైవరు నిర్ణయించునది ఒక్కటే. బ్రేకుమీద కాలు వేయుటయా, మానుటయా అనునది. కాని పైన చెప్పిన కష్టములన్నిటికిని సంబంధించిన కోపము ఆ ఒక్క కాలిమీదనే వచ్చి పడుచున్నది. విను చెవులు ఉన్నవానికి నిర్ణయించు అధికారము లేదు. నిర్ణయించు అధికారము ఉన్నవారికి ఆ మాటలు వినబడవు.

2020 జనవరి 1న ఆంధ్రప్రదేశములో సంస్థ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. తెలంగాణములో కూడ అట్టి విలీనమునకు 2023లో శాసనసభ బిల్లును ఆమోదించెను. ఉద్యోగుల జీవితమునకు ఇవి పెద్ద మార్పులు. కాని మలుపువద్ద నిలిచి చేయియెత్తు పిల్లకు తన మాట వినువాడు నేటికిని డ్రైవరే.

వెనుక బండి

ప్రయాణికులు అబద్ధమని తలంచు మాటలలో మొదటిది, "వెనుక బండి ఖాళీగా వస్తోంది" అనునది. నగరములలో ఈ మాట తరచుగా నిజమగును. అది ఎట్లు నిజమగునో చిన్న లెక్కతో చూపవచ్చును. విద్యార్థులు కాగితముమీద వేసి చూచుకొనవచ్చును.

ఒక మార్గమున పది నిమిషములకొక బస్సు నడచుచున్నదనుకొందము. ప్రతి స్టాపునకు నిమిషమునకు ఇద్దరు చొప్పున ప్రయాణికులు వచ్చుచున్నారు. ఒక్కొక్కరు ఎక్కుటకు మూడు సెకండ్లు పట్టును. బస్సు వేళకు వచ్చినచో స్టాపులో ఇరువదిమంది ఉందురు. అరువది సెకండ్లలో ఎక్కుదురు. ఏదో కూడలిలో చిక్కుకొని బస్సు ఐదు నిమిషములు ఆలస్యమైనదనుకొందము. ఇప్పుడు స్టాపులో ముప్పదిమంది ఉందురు. వారెక్కుటకు తొంబది సెకండ్లు. అనగా ప్రతి స్టాపులోను ఆ బస్సు మరి ముప్పది సెకండ్లు వెనుకబడును. దాని వెనుక వచ్చు బస్సునకు ఐదు నిమిషములలో చేరిన పదిమందియే మిగులుదురు. అది ముప్పది సెకండ్లలో కదలిపోవును. అనగా అది ప్రతి స్టాపులోను ముప్పది సెకండ్లు ముందునకు జరుగును. రెండింటి నడుమనున్న ఐదు నిమిషముల దూరము స్టాపునకొక నిమిషము చొప్పున తరుగుచు ఐదారు స్టాపులలో మాయమగును. ముందు బస్సు క్రిక్కిరిసి, వెనుక బస్సు ఖాళీగా, రెండును ఒక్కసారి వచ్చును. అంతవరకు చాలసేపు నిలిచిన ప్రయాణికుడు, "వస్తే రెండూ కలిసి వస్తారు, ఎక్కడో టీ తాగుతూ కూర్చున్నారు" అనును. టీ త్రాగుట వలన కాదు, లెక్క వలన అట్లు జరిగినది.

దీనికి మందు కూడ తెలిసినదే. వెనుక బస్సును ఎక్కడనో రెండు నిమిషములు నిలిపి, నడుమ దూరమును సరిచేయవలెను. అది చేయవలసినవాడు మార్గమంతయు చూచు అధికారి. ఒక డ్రైవరు తనంతట తాను ఆ పని చేసినచో, ఆ బస్సులోని ప్రయాణికులు "ఎందుకాపావు?" అని కేకలు వేయుదురు.

ఈ లెక్క నగరమునకు వర్తించును. దినమునకు రెండు మూడు బస్సులు మాత్రమే నడచు పల్లెమార్గములలో "వెనుక బండి" అనునది లేదు. అక్కడ ఆపక పోవుట అనగా ఒక దినము పోవుట. కళాశాల వేళకు వచ్చు బస్సు అప్పటికే నిండియుండి, దారిలో నిలిచిన పాసుల పిల్లలను వదలి పోయినచో ఆనాటి పాఠము పోయినది. అట్లు నెలకు పది దినములు జరిగినచో ఇంటివారు ఆడపిల్లను, "రోజూ రోడ్డుమీద నిలబడడమెందుకు? చదివింది చాలు" అందురు. హాజరుపట్టిలో ఆ పిల్ల పేరునకెదురుగా సున్నలు పడును. ఆ సున్నలకు కారణము ఏ పట్టిలోను ఉండదు. డ్రైవరునకు ఇది తెలియదు. తెలిసినను, ఫుట్‌బోర్డుమీద నలుగురు వ్రేలాడుచుండగా మరి పదిమందిని ఎక్కించుకొను ధైర్యము అతనికి ఉండరాదు.

మెట్టు క్రింది ధర్మము, మెట్టు పైని ధర్మము

ప్రయాణికునకు రెండు ధర్మములు కలవు. మెట్టు క్రింద నిలిచియున్నంతవరకు, "కొంచెం సర్దుకోండి బాబూ, మేమూ మనుషులమే" అనును. మెట్టెక్కి లోపల ఒక కమ్మీ చేతికి చిక్కినతోడనే, "ఇంకెక్కడ ఎక్కించుకుంటావయ్యా, మేము పశువులమా?" అనును. ఈ రెండు మాటలకును నడుమ కాలవ్యవధి అరనిమిషము. రెండు మాటలును న్యాయమైనవే. అందుచేతనే డ్రైవరు ఏది చేసినను ఒకరి దృష్టిలో దోషి యగుచున్నాడు.

క్రిక్కిరిసిన బస్సు ఎంత భయంకరమైనదో మనకు తెలియనిది కాదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటురోడ్డుమీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. ఆ బస్సులో నూరుమందికి పైగా ప్రయాణికులుండిరి. వారిలో నిలిచియున్న ప్రతివారును ఏదో ఒక స్టాపులో, "ఒక్కరికి చోటివ్వండి" అని ఎక్కినవారే యని ఊహింపవచ్చును. ఎక్కించుకొనకున్నచో వారికి ఆ పూట గతిలేదు; ఎక్కించుకొన్నచో ఆ బస్సునకు అంతబరువు ప్రమాదము. ఇట్టి ధర్మసంకటమును దినమునకు నలుబది స్టాపులలో ఒక్కొక్క క్షణములో తీర్పుమని మనము డ్రైవరును అడుగుచున్నాము. దానిని తీర్పవలసినది మరియొక బస్సు. ఆ మరియొక బస్సును వేయు అధికారము అతనికి లేదు.

ఉచిత ప్రయాణమువలన పుట్టిన మాటలను గూడ ఇక్కడ చెప్పవలెను. "టిక్కెట్టు లేనిదానికి సీటెందుకు?" అని కొందరు పురుషులు ఎత్తిపొడుచుచున్నారు. ఆమెకు టిక్కెట్టు ఉన్నది. సున్న రూపాయల టిక్కెట్టును కండక్టరు పట్టుబట్టి ఇచ్చునది అందుకే. ఆ టిక్కెట్ల లెక్కనుబట్టి ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లింపవలెను. "ఫ్రీ కదా, మళ్లీ టిక్కెట్టు దేనికి, ఆధార్ కార్డు దేనికి?" అని విసుగుకొను స్త్రీలు ఈ సంగతి తెలిసినచో విసుగుకొనరు. ఆమె ప్రయాణము ఎవరి దయయు కాదు. ప్రజల పన్నులతో ప్రజలు కొనిన సీటు. కాని హక్కును ఇచ్చినంత వేగముగా బస్సులను ఇయ్యనిచోట, ఆ హక్కు బస్సు మెట్టుమీద తగవుగా మారుచున్నది. ఆ తగవులో పురుషునకు స్త్రీ శత్రువుగను, స్త్రీకి కండక్టరు శత్రువుగను, అందరకును డ్రైవరు శత్రువుగను కనబడుచున్నారు.

చక్రమువద్ద కూర్చున్నవాడు

డ్రైవరు పక్షము వినుట అతనిని నిర్దోషి యనుట కాదు. ముసలమ్మ మెట్టుమీద రెండవ కాలు పెట్టకమునుపే బండిని కదల్చువారు కలరు. చక్రము పట్టిన చేతితోనే ఫోను పట్టువారు కలరు. స్టాపులో నిలిచిన చిన్నపిల్లలను చూచి చూడనట్లు పోవువారు కలరు. ఇవి దోషములు. వీనికి శిక్ష ఉండవలెను. అయినను, పాఠము చెప్పువానిని నిందించుటకు పూర్వము అతనికెన్ని తరగతులు అప్పగించిరో అడుగుట న్యాయమైనట్లే, ఇతనిని నిందించుటకు పూర్వము ఇతని దినమెట్లు గడచునో తెలిసికొనుట న్యాయము.

మోటారు రవాణా కార్మికుల కొరకు 1961లో చేసిన చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబది ఎనిమిది గంటలు పని అనియు, ఐదు గంటల పని పిమ్మట అరగంటయైన విశ్రాంతి అనియు విధించినది. పార్లమెంటు 2020లో చేసిన వృత్తి భద్రతా సంహితలో ఆ చట్టమును కలిపిరి. కాగితముమీద ఎనిమిది గంటలు సరియే. కాని రోడ్డుమీద గడియారము వేరు. ఒక ఊరినుండి మరియొక ఊరికి ఇంతసేపు అని "రన్నింగ్ టైము" నిర్ణయించిన నాటికిని నేటికిని ఆ దారిలో కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు పెరిగినవి. ఆలస్యమైన ప్రతి నిమిషమును డ్రైవరు తన టీ వేళనుండియో, మూత్రవిసర్జనకు దొరకు వేళనుండియో చెల్లించుకొనును. మార్గపు చివరి పల్లెలో బస్సు త్రిప్పుకొనుచోట మరుగుదొడ్డి ఉండుట అరుదు. కండక్టరు స్త్రీయైనచో ఆ కష్టము చెప్పనలవి కాదు.

మరియొక కొలత కలదు. లీటరు డీజిలునకు ఎన్ని కిలోమీటర్లు నడపినాడని ప్రతి డ్రైవరునకును డిపోలో లెక్క కట్టుదురు. ఎక్కువ నడపినవానిని మెచ్చుకొందురు; తక్కువ నడపినవానిని పిలిచి అడుగుదురు. ఇంధనమును పొదుపుచేయుట మంచిదే. కాని బండిని ఆపి మరల కదల్చుటకే డీజిలు ఎక్కువ ఖర్చగునను సంగతి యంత్రశాస్త్రము చదువనివారికిని తెలియును. అనగా మనము ఎక్కుటకై అతడు ఆగిన ప్రతిసారియు అతని లెక్కలో ఒక చుక్క తరుగుచున్నది. ఎన్ని లీటర్లు మిగిల్చెనో కొలుచు కాగితము ఉన్నది. దారిలో ఎంతమందిని వదలివచ్చెనో కొలుచు కాగితము లేదు. కొలిచిన దానినే మనుష్యుడు జాగ్రత్తపడును. పరీక్షలో మార్కులున్న పాఠమునే విద్యార్థి చదువునట్లు ఇదియు సహజము. కొన్ని సర్వీసులలో కండక్టరు లేక, టిక్కెట్లు కొట్టు యంత్రమును గూడ డ్రైవరే మోయుచున్నాడు. అతడు చిల్లర లెక్కించుచుండగా, "ఎంతసేపు?" అని వెనుకనుండి కేక వచ్చును.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగిరి. ఏబదిరెండు దినములు సమ్మె నడచినది. ఆ కాలమున పల్లెలలో బస్సు కొరకు ఎదురుచూచినవారికి ఒక సంగతి తెలిసియుండవలెను. అంతకుముందు దినమువరకు వారు తిట్టిన మనిషియే వారి దినచర్యను నిలబెట్టుచున్న మనిషి. ఆ కార్మికులకును ఒక సంగతి తెలిసియుండవలెను. ప్రయాణికులు తమ ప్రక్కన నిలిచినప్పుడే తమ మాటకు బలము వచ్చును. ఈ రెండు సంగతులను ఇరువురును త్వరలోనే మరచిపోయిరి.

ఏకవచనము

తెలుగు చెప్పుకొనువాడను గనుక భాషను గూర్చి ఒక మాట. బస్సు తగవులను చెవియొగ్గి విన్నచో, వానిలో చాలభాగము విషయమువలన గాక విభక్తులకంటె చిన్నదైన ఒక ప్రత్యయమువలన పెరుగుచున్నట్లు తెలియును. "ఆపండి" అన్నది "ఆపు" అగును. "ఏమండీ" అన్నది "ఏమయ్యా" అగును. అది "ఏయ్" అగును. అవతలివాడు, "మర్యాదగా మాట్లాడు" అనును. మర్యాద కోరిన ఆ మాటలోనే మర్యాద లేదు. అప్పటినుండి స్టాపు, వేళ, చిల్లర అన్నియు మరుగునపడి, "నువ్వు" అన్నదెవరు ముందు అనునదే తగవగును.

మన భాషలో దీనికి విరుగుడు కూడ ఉన్నది. తెలుగువాడు పరిచయము లేనివానితో చుట్టరికము కలుపుకొని మాట్లాడును. "డ్రైవరన్నా, కొంచెం ఆపవే" అని తెలంగాణ పల్లెలో ఒక చెల్లెలు అడిగినచో, అందు ఏకవచనమున్నను అగౌరవము లేదు. "పెద్దమ్మా, నిమ్మళంగా దిగు, బండి కదలదులే" అని కండక్టరు అన్నచో, ఆ ముసలమ్మ మరునాడు చిల్లర సరిగా తెచ్చును. వచనము ఏకమా బహువచనమా అనునది కాదు ముఖ్యము. ఎదుటివానిని మనిషిగా పిలిచితిమా, పనిముట్టుగా పిలిచితిమా అనునది ముఖ్యము. "హోల్డాన్", "రైట్ రైట్" అను రెండు మాటలతో బండి నడచును గాని, బండిలోని మనుష్యులు నడువరు.

మాట చేయిగా మారినచో సంగతి వేరగును. విధిలోనున్న ప్రభుత్వ సేవకుని అడ్డగించి కొట్టుట భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షను క్రింద రెండేండ్లవరకు జైలుశిక్ష విధింపదగిన నేరము. రెండు నిమిషముల కోపమునకు, ఉద్యోగము రావలసిన వయసులో కేసు వచ్చిపడునని యువకులు గ్రహింపవలెను. డ్రైవరుమీద చేయిచేసికొన్నందువలన ఆ మార్గమున మరియొక బస్సు వచ్చిన దాఖలా ఎక్కడను లేదు.

చేయదగిన పని

పైన చెప్పినదంతయు ఒక్క మాటకు వచ్చుచున్నది. విన్నవాడు నిర్ణయింపలేకున్నాడు గనుక, నిర్ణయించువానికి వినిపింపవలెను. అది కోపముతో కాదు, లెక్కతో చేయవలసిన పని. ఆ లెక్కను తయారుచేయు శక్తి బడులకు ఉన్నది.

పల్లెనుండి పిల్లలు బస్సులో వచ్చు ప్రతి ఉన్నత పాఠశాలలోను, కళాశాలలోను ఒక నోటుపుస్తకము పెట్టవచ్చును. స్టాపునకు ఇద్దరు విద్యార్థులు బాధ్యులు. ప్రతిదినమును నాలుగు సంగతులు వ్రాయవలెను: బస్సు రావలసిన వేళ, వచ్చిన వేళ, ఆగినదా లేదా, ఆగినచో ఎంతమంది ఎక్కలేక మిగిలిరి. డ్రైవరు పేరు వ్రాయనవసరము లేదు. ఇది ఒక మనిషిమీద నేరారోపణ కాదు. ముప్పది దినములు వ్రాసిన పిమ్మట లెక్కల మాస్టారు సగటు కట్టించును; తెలుగు మాస్టారు దానిని తేటయైన వినతిపత్రముగా వ్రాయించును; సాంఘికశాస్త్రపు టీచరు దానిని ఎవరికి పంపవలెనో చెప్పించును. వేళ మార్పు కావలసినచో డిపో మేనేజరునకు. అదనపు బస్సు కావలసినచో ఆయనతోపాటు శాసనసభ్యునకును. స్టాపులో ఆటోల అడ్డు తొలగవలసినచో పంచాయతీకో పురపాలక సంఘమునకో. "బస్సులు సరిగా రావు" అను మాటను ఏ అధికారియైనను వినిననాడే మరువగలడు. "ముప్పది దినములలో పదునొకండు దినములు ఆగలేదు, ఆగిన దినములలో సగటున ఆరుగురు మిగిలిరి" అను తరహా మాటను త్రోసివేయుట అంత సులభము కాదు.

వినుటకు ద్వారములు లేకపోలేదు. రెండు రాష్ట్రములలోను డిపో మేనేజర్లు ఒక గంటసేపు ఫోనువద్ద కూర్చుండి ప్రయాణికుల మాటలను స్వయముగా వినుటకు "డయల్ యువర్ డీఎం" అను కార్యక్రమమును నడిపిరి. బస్సు ఎక్కడ నున్నదో చూపు ఫోను ఆప్‌లు కూడ వచ్చినవి. ఎదురుచూపులోని కోపములో సగము, బస్సు వచ్చునో రాదో తెలియకుండుటవలన పుట్టునదే గనుక ఇవి మేలే. కాని ఇవి ప్రకటనలకు పరిమితము గాక, వినిన ప్రతి మాటకును ఏమి నిర్ణయించిరో డిపో గోడమీద వ్రాసి పెట్టినప్పుడే 1958 నాటి తీర్పులోని సూత్రము బస్‌స్టేషనువరకు వచ్చినట్లగును. ఇందు డ్రైవర్లకును స్థానముండవలెను. ఏ స్టాపులో ఎంతమంది మిగిలిపోవుచున్నారో అందరికంటె బాగుగ ఎరిగినవాడు అద్దములో వారిని చూచుచు పోవు డ్రైవరే. డీజిలు లెక్కతోపాటు ఆ లెక్కను గూడ అతనిని అడుగు ఆచారము రావలెను.

ఈ పని చేయు పిల్లలకు బస్సు ఒక్కటే లాభము కాదు. కష్టము కలిగినప్పుడు దగ్గరగా ఉన్నవానిని తిట్టుట సులభమనియు, ఆ కష్టము ఎవరి నిర్ణయమువలన వచ్చినదో వెదకి వారిని అడుగుట కష్టమైనను ఫలమిచ్చుననియు వారు నేర్చుకొందురు. పౌరశాస్త్రపు పుస్తకములో ఎన్ని పేజీలు చదివినను రాని పాఠమిది. జూన్‌లో బడులు తెరచిన మొదటి వారముననే ఆ నోటుపుస్తకమును తెరచుట మంచిది. వానలు మొదలైన పిమ్మట మలుపువద్ద గొడుగు లేక నిలుచు పిల్లల సంఖ్యను గూడ అందులో ఒక గడిలో వ్రాయవచ్చును.